కెర్నెల్‌లో గండి పడితే ఏ దారి: పూర్తి అప్‌డేటా, లైవ్ ప్యాచా, తాత్కాలిక అడ్డుకట్టా?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో భద్రతా లోపం బయటపడిన రోజు సర్వర్లు చూసుకునేవారి ముందుకు వచ్చే ప్రశ్న ఒకటే: ఇప్పుడే రీబూట్ చేయాలా, కొన్నాళ్లు ఆగవచ్చా? చాలామంది దీనికి జవాబు, లోపానికి పదికి ఇంత అని వేసే తీవ్రత అంకెలో వెతుకుతారు. తొమ్మిది దాటితే పరుగు, ఎనిమిది లోపు అయితే వచ్చే నెల. ఈ పద్ధతి ప్రమాదకరం. 2022లో లినక్స్ కెర్నెల్‌లో బయటపడిన డర్టీ పైప్ అనే లోపానికి పడిన అంకె 7.8. లినక్స్‌లో నెట్‌వర్క్ రాకపోకలను వడగట్టే నెట్‌ఫిల్టర్‌లో బయటపడిన సీవీఈ-2024-1086కు (సీవీఈ అంటే బయటపడిన లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) పడిందీ 7.8. యంత్రంలో మామూలు ఖాతా ఉన్నవారు వీటి సాయంతో రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి పెత్తనం, సంపాదించవచ్చు. ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్‌లో ఆ 7.8కు ఉన్న అర్థం వేరు, వందమంది లాగిన్ అయ్యే సర్వర్‌లో వేరు, బయటివారి కంటైనర్లను (ఒకే కెర్నెల్ మీద విడివిడిగా నడిచే ప్రోగ్రాముల పెట్టెలను) నడిపే యంత్రంలో మరీ వేరు.

అందుకే దారి ఎంచుకునే ముందు నేను మూడు సంగతులు తేల్చుకుంటాను. లోపమున్న కోడ్ దాకా నా యంత్రంలో ఎవరు చేరగలరు? ఆ కోడ్ అసలు నా కెర్నెల్‌లో ఉందా? దాన్ని వాడుకుని దాడి చేసే ప్రోగ్రామ్ బహిరంగంగా దొరుకుతోందా? ఈ మూడోది ఎక్కడ అక్కరకొస్తుందో 'ఎవరికి ఏది' భాగంలో చెబుతాను.

మొదటిదానికి జవాబు మీకే తెలుస్తుంది. నెట్‌వర్క్ నుంచి నేరుగా చేరగలిగిన లోపమైతే ఆలోచించడానికి సమయం ఉండదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ డ్రైవర్ కెర్నెల్‌లోనే నడుస్తుంది. అందులోని లోపానికి 2017 మార్చి 14న సవరణ వచ్చింది. మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ విరుచుకుపడింది. మధ్యలో ఉన్నది 59 రోజులు. ఆ రెండు నెలలూ వాయిదా వేసినవారే ఎక్కువగా నష్టపోయారు.

రెండో ప్రశ్న దగ్గర చాలామంది వెర్షన్ అంకె చూసి మోసపోతారు. రెడ్ హ్యాట్ సంస్థ ఇచ్చే లినక్స్ 9 వాడేవారికి కెర్నెల్ వెర్షన్ 5.14 అని కనిపిస్తుంది. అది పాతదని కంగారు పడనక్కర్లేదు. కొత్త కెర్నెళ్లలో వచ్చిన సవరణలను ఆ సంస్థ పాత కెర్నెల్‌లోకి తెచ్చి కలుపుతుంది కాబట్టి అంకె మారకుండానే గండి పూడి ఉండవచ్చు. అలాగే లోపం ఎప్పుడు పుట్టిందో కూడా చూడాలి. డర్టీ పైప్ 5.8లో మొదలైంది, అంతకు ముందరి కెర్నెళ్లను అది తాకలేదు. లినక్స్ సవరణల వివరణలో చాలావాటికి కింద 'ఫిక్సెస్' అనే వరుస ఉంటుంది. ఏ మార్పు వల్ల ఈ లోపం పుట్టిందో అక్కడ రాస్తారు. ఆ మార్పు మీ కెర్నెల్‌లో లేకపోతే ఆ లోపం మీది కాదు. దీన్ని చూడటానికి ఐదు నిమిషాలు చాలు, చూడకపోతే ఒక రాత్రి నిద్ర చెడుతుంది.

సీవీఈ సంఖ్యల వెల్లువ చూసి కూడా బెదరకూడదు. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నెల్ బృందమే తన లోపాలకు సీవీఈ సంఖ్యలు ఇస్తోంది. కెర్నెల్‌లో ఏ తప్పునైనా ఎవరో ఒకరు దాడికి వాడుకోవచ్చన్నది వారి వాదన. అందుకని భద్రతకు సంబంధం ఉండవచ్చనిపించిన ప్రతి సవరణకూ సంఖ్య వేస్తున్నారు. అవి ఏడాదికి వేలల్లోకి చేరాయి. ఒక్కొక్కటి చదివి తూకం వేయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఈ వెల్లువ తర్వాత నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది: లోపాలను ఏరుకుని పూడ్చడం కన్నా, కెర్నెల్ మొత్తాన్ని క్రమం తప్పకుండా మార్చే అలవాటు మంచిది.

పూర్తి అప్‌డేట్, రీబూట్

ఇదే మూల పద్ధతి, మిగతావన్నీ దీనికి సాయం. కొత్త కెర్నెల్ ప్యాకేజీ వేసి, రీబూట్ చేస్తే, నడుస్తున్న కోడ్ ఏమిటో ఏ అనుమానమూ ఉండదు. తీవ్రమైనవీ చిన్నవీ, సంఖ్య పడినవీ పడనివీ అన్ని సవరణలూ ఒకేసారి వచ్చేస్తాయి.

ముందుగా సవరణ అందడం కూడా ఈ దారిలోనే జరుగుతుంది. డర్టీ పైప్‌నే తీసుకోండి. వెబ్ సర్వర్ లాగ్ ఫైళ్లు ఎందుకు పాడవుతున్నాయో వెతుకుతూ మ్యాక్స్ కెల్లర్‌మన్ దాన్ని పట్టుకున్నారు. 2022 ఫిబ్రవరి 23న 5.16.11, 5.15.25, 5.10.102 వెర్షన్లలో సవరణ వచ్చింది. లోపం వివరాలు లోకానికి తెలిసింది మార్చి 7న. స్టేబుల్ వెర్షన్లను (విడుదలైన కెర్నెల్‌కు సవరణలు మాత్రమే చేర్చి ఇచ్చేవి) వెంటవెంటనే వేసుకునేవారు, ఆ లోపానికి పేరు కూడా పెట్టకముందే బయటపడ్డారు.

అయితే వేగానికి వెల ఉంది. 2023 డిసెంబరులో 6.1.64 కెర్నెల్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ సమాచారాన్ని పాడుచేసే తప్పు దొర్లింది. డెబియన్ అనే లినక్స్ పంపిణీ తన 12.3 విడుదలను ఆపుకుని, సరిచేసిన కెర్నెల్‌తో 12.4ను ఇవ్వవలసి వచ్చింది. సవరణ కూడా కొత్త కోడే, అందులోనూ తప్పులుంటాయి. మామూలు యూజర్‌కు రూట్ అధికారం ఇచ్చే మరో లినక్స్ లోపం డర్టీ కౌ కథ ఇంకా పాఠం చెబుతుంది. 2016 అక్టోబరులో దాన్ని సరిచేస్తూ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా రాశారు: పదకొండేళ్ల క్రితం తానే దీన్ని సరిచేయబోయాననీ, అది సరిగ్గా కుదరలేదనీ, వేరొక ప్రాసెసర్ మీద ఇబ్బంది రావడంతో ఆ మార్పును వెనక్కి తీసుకోవలసి వచ్చిందనీ. అంతటితో కూడా ముగియలేదు. 2016 నాటి సవరణ పెద్ద మెమరీ పేజీల దారిలో మరో లోపానికి తావిచ్చిందని 2017 నవంబరులో తేలింది.

కాబట్టి అన్ని యంత్రాలకూ ఒకేసారి వేయకండి. ముందు ఒకటో రెండో యంత్రాలకు వేసి, ఒక రోజు నిజమైన పనిభారం మీద నడవనిచ్చి, తర్వాత మిగతావాటికి వేయండి. నెట్‌వర్క్ నుంచి చేరగల లోపమైతే ఆ రోజును ఒక గంటకు కుదించండి, కానీ ఆ మెట్టును మాత్రం దాటవేయకండి.

రీబూట్‌కు పట్టే సమయం గురించి ఒక మాట. పెద్ద సర్వర్లలో ఎక్కువ సమయం తినేది కెర్నెల్ కాదు, మెమరీనీ కార్డులనూ పరీక్షించుకునే ఫర్మ్‌వేర్. కెఎక్సెక్ పద్ధతిలో ఫర్మ్‌వేర్‌ను దాటవేసి నేరుగా కొత్త కెర్నెల్‌లోకి దూకవచ్చు. కొన్ని డ్రైవర్లు దీన్ని సరిగ్గా తట్టుకోలేవు కనుక మీ హార్డ్‌వేర్ మీద ముందే పరీక్షించాలి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఉన్న సాఫ్ట్ రీబూట్ మాత్రం ఇందుకు పనికిరాదు. అది కెర్నెల్‌ను కదిలించదు, పైనున్న ప్రోగ్రాములనే మళ్లీ మొదలుపెడుతుంది.

లైవ్ ప్యాచ్: ఏది పూడుస్తుంది, ఏది పూడ్చదు

నడుస్తున్న కెర్నెల్‌ను ఆపకుండానే అందులోని తప్పు ఫంక్షన్ స్థానంలో సరైనదాన్ని పెట్టడమే లైవ్ ప్యాచ్. ఎంఐటీలో పుట్టిన కెస్‌ప్లైస్‌ను 2011లో ఒరాకిల్ కొన్నది. 2014లో రెడ్ హ్యాట్ కెప్యాచ్‌నూ, సూసే కెగ్రాఫ్ట్‌నూ తెచ్చాయి. రెండింటికీ ఉమ్మడి పునాది 2015లో లినక్స్ 4.0లో చేరింది. ఉబుంటుకు కెనానికల్ సేవ 2016లో వచ్చింది.

పని జరిగే తీరు తెలిస్తే హద్దులు వాటంతటవే అర్థమవుతాయి. లినక్స్‌లో ఫంక్షన్ల ప్రవేశం దగ్గర ట్రేసింగ్ కోసం ఒక చిన్న ఖాళీ చోటు వదిలి ఉంటుంది. లైవ్ ప్యాచ్ ఆ చోటును వాడుకుని, పాత ఫంక్షన్‌కు వచ్చే పిలుపును కొత్త ఫంక్షన్‌కు మళ్లిస్తుంది. ఒక ప్రాసెస్ సగం పాతది, సగం కొత్తది నడపకుండా, ఒక్కొక్క ప్రాసెస్ పాత ఫంక్షన్‌లో లేదని నిర్ధారించుకున్నాకే దాన్ని కొత్తవైపు మారుస్తుంది. ఏదైనా ప్రాసెస్ ఆ ఫంక్షన్‌లోనే నిద్రపోతూ ఉండిపోతే మార్పు పూర్తికాకుండా వేలాడుతుంది. ప్యాచ్ వేశామని సంతృప్తి పడి వెళ్లిపోయేవారు గమనించనిది సరిగ్గా ఇదే. వేసిన తర్వాత 'మార్పు నడుస్తోంది' అన్న స్థితి పోయిందో లేదో కచ్చితంగా చూడాలి.

ఫంక్షన్ స్థాయిలో పూడే గండికి డర్టీ పైప్ చక్కని ఉదాహరణ. ఒక ప్రోగ్రామ్ నుంచి మరోదానికి సమాచారం పంపే గొట్టం లాంటి పైప్‌కు చెందిన ఒక చిన్న నిర్మాణంలో ఫ్లాగ్స్ అనే గడిని ఖాళీ చేయకుండా వదిలేయడమే తప్పు. పాత విలువ అందులో మిగిలిపోవడంతో, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో రాయడానికి దారి దొరికింది. సవరణ ఎంతో తెలుసా? రెండు ఫంక్షన్లలో చెరొక వరుస, ఆ గడిని సున్నా చేస్తూ. ఆ రెండు ఫంక్షన్లనూ మార్చి పెడితే పని అయిపోతుంది. పైగా పైపులు కెర్నెల్ గుండెలో ఉంటాయి కాబట్టి ఆపేసి తప్పించుకోవడానికి మాడ్యూల్ (అవసరమైనప్పుడు కెర్నెల్‌లోకి ఎక్కించే విడి భాగం) అంటూ ఏమీ లేదు. రీబూట్ కుదరని యంత్రానికి లైవ్ ప్యాచే దిక్కు.

దీని పక్కన 2018 జనవరిలో బయటపడిన ప్రాసెసర్ లోపం మెల్ట్‌డౌన్‌ను పెట్టి చూడండి. దానికి మందు, ఏ మెమరీ ఎక్కడుందో చెప్పే కెర్నెల్ పేజీ పట్టికలను యూజర్ ప్రోగ్రాముల పట్టికల నుంచి వేరుచేయడం. ప్రతి సిస్టమ్ కాల్, ప్రతి ఇంటరప్ట్ ప్రవేశించే దారే మారిపోయింది. అది ఒకటి రెండు ఫంక్షన్లను మళ్లించి చేసే పని కాదు, ఇంటి పునాది మార్చడం లాంటిది. దానితోపాటే బయటపడిన స్పెక్టర్‌లో ఒక రకానికి ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్‌కు కూడా సవరణ కావలసి వచ్చింది. నిర్మాణాల ఆకృతి మార్చే సవరణలు, బూట్ తొలి క్షణాల్లో నడిచే కోడ్, అసెంబ్లీలో రాసిన ప్రవేశ ద్వారాలు లైవ్ ప్యాచ్‌కు అంత సులువుగా లొంగవు. అందుకే సేవ ఇచ్చే సంస్థలు అన్ని లోపాలకూ లైవ్ ప్యాచ్ ఇవ్వవు, తీవ్రమైనవాటిని ఎంచుకుని ఇస్తాయి. ఒక్కొక్క కెర్నెల్‌కు కొంతకాలమే ఇస్తాయి. గడువు తీరాక కొత్త కెర్నెల్‌లోకి రీబూట్ చేయక తప్పదు.

విండోస్‌లో లైవ్ ప్యాచ్ లాంటిదైన హాట్‌ప్యాచ్ ఈ సంగతిని దాచకుండా ముందే చెబుతుంది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో పూర్తి అప్‌డేట్, రీబూట్. మధ్యలోని రెండేసి నెలల్లో రీబూట్ లేని సవరణలు. నాకు ఈ నమూనా నచ్చుతుంది. లినక్స్ మీద కూడా నేను ఇదే పాటిస్తాను.

ఎందుకు పాటిస్తానో చెప్పాలి. నేను చూసుకున్న ఒక డేటాబేస్ సర్వర్ నాలుగు వందల రోజులకు పైగా ఆగకుండా నడిచింది. లైవ్ ప్యాచ్‌లు వేళకు పడుతున్నాయి, అందరమూ నిశ్చింతగా ఉన్నాము. ఒక రాత్రి దాని పవర్ సప్లై కాలిపోయింది. కొత్తది పెట్టి ఆన్ చేస్తే యంత్రం పైకి రాలేదు. తెర మీద ఒక డిస్కు కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక్క వరుస, పక్కన నిమిషంన్నర గడువు కరిగిపోతూ. గడువు తీరగానే ఎమర్జెన్సీ మోడ్. ఎనిమిది నెలల క్రితం తీసేసిన బ్యాకప్ డిస్కు పేరు, బూట్‌లో ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో అలాగే ఉండిపోయింది. ఆ వరుస చెరిపేసి మళ్లీ లేపితే, లేచింది నాలుగు వందల రోజుల నాటి కెర్నెల్. ప్యాచ్‌లను బూట్‌లో మళ్లీ ఎక్కించే సర్వీసును ఎవరూ ఎనేబుల్ చేయలేదు. లైవ్ ప్యాచ్ ఉండేది మెమరీలో కదా, కరెంటుతోపాటే పోయింది. ఏడాది పాటు పూడ్చిన గండ్లన్నీ ఒక్క నిమిషంలో తిరిగి తెరుచుకున్నాయి.

అప్పటినుంచి లైవ్ ప్యాచ్‌ను రీబూట్‌కు బదులుగా చూడటం మానేశాను. రీబూట్ ఏ రోజు చేయాలో మన చేతిలోకి తెచ్చేది లైవ్ ప్యాచ్. మంగళవారం మధ్యాహ్నం బయటపడిన లోపానికి శనివారం రాత్రి దాకా నిలబడే వీలు ఇస్తుంది. ఆ పనికి అది అమూల్యం.

తాత్కాలిక అడ్డుకట్ట

సవరణ ఇంకా రానప్పుడో, వచ్చినా వేసే వీలు లేనప్పుడో, లోపమున్న కోడ్ దాకా వెళ్లే దారిని మూసేయవచ్చు. 2017 ఫిబ్రవరిలో డీసీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌లో లోపం బయటపడింది. దాదాపు ఎవరూ వాడని ప్రోటోకాల్ అది. ఆ మాడ్యూల్ లోడ్ కాకుండా ఆపితే చాలు, పోయేదేమీ లేదు. ఇలాంటి చోట అడ్డుకట్టకు మించిన మందు లేదు.

అడ్డుకట్ట వేసేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్నింటిని పదేపదే చూశాను. మాడ్యూల్ పేరు ముందు 'బ్లాక్‌లిస్ట్' అని రాస్తే అది తనంతట తాను లోడ్ కావడం ఆగుతుంది, కానీ పేరుపెట్టి పిలిచినా, మరో మాడ్యూల్‌కు అవసరమైనా లోడవుతుంది. మాడ్యూల్‌ను ఎక్కించమని అడిగితే దాని బదులు విఫలమయ్యే కమాండ్ నడిచేలా 'ఇన్‌స్టాల్' వరుస రాయడం గట్టి పద్ధతి. ఇప్పటికే లోడైన మాడ్యూల్‌ను ఈ రెండూ తీసేయవు, విడిగా తీయాలి. ఆ కోడ్ మాడ్యూల్‌గా కాకుండా కెర్నెల్‌లోనే కలిపి కట్టి ఉంటే ఈ వరుసలకు ఏ ప్రభావమూ లేదు. రాసినందుకు మనసు కుదుటపడుతుంది గానీ తలుపు తెరిచే ఉంటుంది.

రెండో పెద్ద అడ్డుకట్ట, మామూలు యూజర్లు సొంత యూజర్ నేమ్‌స్పేస్ (లోపల తామే రూట్‌లా వ్యవహరించగల విడి ప్రాంతం) సృష్టించకుండా ఆపడం. సీవీఈ-2024-1086 లాంటి లోపాలు మామూలు యూజర్‌కు అందుబాటులోకి వచ్చింది ఆ నేమ్‌స్పేస్ దారిలోనే. ఆ ఒక్క సెట్టింగ్ ఒక కుటుంబం లోపాలకు తలుపు మూస్తుంది. కానీ రూట్ లేకుండా కంటైనర్లు నడిపేవారికి, బ్రౌజర్లు తమ రక్షణకు కట్టుకునే శాండ్‌బాక్స్ అనే కంచెకు ఆ నేమ్‌స్పేసే కావాలి. డెస్క్‌టాప్ మీద దీన్ని మూసి బ్రౌజర్ రక్షణ బలహీనం చేసుకోవడం నా లెక్కలో తప్పు బేరం. వెబ్ సేవ ఒక్కటే నడిపే సర్వర్ మీద మాత్రం లోపం ఉన్నా లేకున్నా మూసేయమంటాను.

ప్రతి అడ్డుకట్టకూ ఎందుకు వేశామో, ఏ తేదీన తీసేయాలో ఆ ఫైలులోనే ఒక వరుస రాయండి. రెండేళ్ల తర్వాత ఏదో పనిచేయక తల పట్టుకునే మనిషి మీ తర్వాత వచ్చినవారే అవుతారు.

ఒక్క సవరణనే తెచ్చి కలుపుకోవడం

సొంతంగా కెర్నెల్ కట్టుకునేవారికి, ముఖ్యంగా పరికరాలు తయారుచేసేవారికి ఈ ఆలోచన వస్తుంది: మొత్తం ఎందుకు, ఆ ఒక్క ప్యాచ్ చాలదా? చాలదనే నా జవాబు. ఒక సవరణ దాని ముందు వచ్చిన నాలుగు మార్పుల మీద ఆధారపడి ఉండవచ్చు. అది తప్పులేకుండా అతుక్కున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. స్టేబుల్ కెర్నెళ్లను నిర్వహించే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే: ఏరుకోకండి, స్టేబుల్ విడుదలను మొత్తంగా తీసుకోండి. దీర్ఘకాలం మద్దతు ఉండే కెర్నెల్‌ను ఎంచుకుని, అందులో వచ్చే విడుదలలను వరుసగా కలుపుకుంటూ పోతే పని నెలనెలా కొద్దికొద్దిగా సర్దుకుంటుంది.

ఎవరికి ఏది

సొంత ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ వాడేవారు ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. అప్‌డేట్ వేసి, రోజు చివర రీబూట్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎంపిక మీ చేతిలో లేదు, కానీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడవచ్చు. అది నెలలో 01తో ముగిస్తే కెర్నెల్, చిప్ తయారీదారుల సవరణలన్నీ చేరినట్టు కాదు, 05తో ముగిస్తే చేరినట్టు. ఫోను కొనేటప్పుడు ఎన్నేళ్లు సవరణలు ఇస్తారో కెమెరా కన్నా ముందు అడగండి.

పనిని యంత్రాలకు పంచే లోడ్ బ్యాలన్సర్ వెనుక ఒకే పనిచేసే యంత్రాలు అనేకం ఉంటే లైవ్ ప్యాచ్‌కు డబ్బు పెట్టకండి. ఒక్కొక్కదాన్ని పక్కకు తీసి, రీబూట్ చేసి, తిరిగి చేర్చే పని దానంతటదే జరిగేలా స్క్రిప్ట్ రాసుకోండి. ఒక్కటే పెద్ద డేటాబేస్ యంత్రం, రోజుల తరబడి సాగే గణనలు నడిపే యంత్రం, బయటివారి వర్చువల్ యంత్రాలను మోసే హోస్ట్: వీటికి లైవ్ ప్యాచ్ తీసుకోండి, మూడు నెలలకొక రీబూట్ మాత్రం క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. పలువురు లాగిన్ అయ్యే యంత్రాల్లో రూట్ అధికారం ఇచ్చే లోపాన్ని, దాడి ప్రోగ్రామ్ బయట దొరుకుతుంటే, అదే రోజు పూడ్చాలి. అడ్డుకట్ట ఉంటే ఆ గంటలోనే వేసి, రాత్రికి రీబూట్ చేయండి.

వేసిన తర్వాత

సవరణ వేశామన్న మాటకూ సవరణ నడుస్తోందన్న మాటకూ తేడా ఉంది. యూనేమ్ కమాండ్ చూపే వెర్షన్ నడుస్తున్న కెర్నెల్‌ది. ప్యాకేజీల జాబితా చూపేది డిస్కు మీద ఉన్నది. ఈ రెండూ కలవని యంత్రాలను రోజూ వెతికి జాబితా ఇచ్చే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి, నా అనుభవంలో దానంత ఉపయోగపడిన సాధనం మరొకటి లేదు. ప్రాసెసర్ లోపాలకైతే లినక్స్‌లో సీపీయూ వివరాల కింద 'వల్నరబిలిటీస్' అనే ఫోల్డర్ ఉంటుంది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ తదితరాలకు ఒక్కొక్క ఫైలు, రక్షణ ఉందో లేదో అందులో ఒక్క వరుసలో చెబుతుంది.

కొత్త కెర్నెల్ లేవకపోతే వెనక్కి వెళ్లడానికి పాతదాన్ని ఒకటి బూట్ మెనూలో ఉంచుకోండి. కొత్తది వారం పది రోజులు సవ్యంగా నడిచాక, లోపమున్న ఆ పాతదాన్ని తొలగించండి. మెనూలో అది ఉన్నంతకాలం, ఏదో ఒక రాత్రి తొందరలో ఎవరో ఒకరు దాన్నే ఎంచుకుని లేపుతారు.